క్లచ్ వదలకు

భోగాపురం దగ్గర ఆ పల్లెలో ఏ పడవ ఇంజను మొరాయించినా కొండబాబునే పిలుస్తారు. అందుకే తన పాత అంబాసిడర్‌ని మెకానిక్‌కి చూపించడమంటే అతనికి తల కొట్టేసినట్టుంటుంది. అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు చచ్చిందన్న సామెత ఊరికే పుట్టలేదు.

వారం నుంచి బండికి గేర్లు సరిగ్గా పడటం లేదు. ఇంజను ఆపితే నాలుగూ వెన్నలా పడతాయి. స్టార్ట్ చేశాక మాత్రం కరకరమని పళ్ళు కొరుకుతుంది. తొక్కినా క్లచ్ పూర్తిగా విడివడటం లేదన్నమాట. తెల్లారేసరికి చేపల గంపలు ఈ బండిలోనే ఆమదాలవలస చేరాలి.

పొద్దుగూకే వేళ పెరట్లో బండి కిందికి దూరాడు. టార్చి వెలుగులో క్లచ్ కడ్డీ నట్టు రెండు చుట్లు బిగించాడు. ఇక సరిచూసుకోవాలి. ఇంజను నడుస్తుండగా క్లచ్ తొక్కి గేరు వేస్తే, వెనక చక్రాలకి పోయే షాఫ్టు కదలకూడదు. అది కళ్ళారా చూడాలంటే కిందే పడుకోవాలి. తొక్కిన కాలు జారిందో, బండి అతని మీదుగానే పోతుంది. బుద్ధున్నవాడెవడూ ఆ పని చేయడు. కొండబాబు చేశాడు.

పక్కింటికి వెళ్ళిన భార్య గౌరిని కేకేశాడు. కాసేపటికి బండి తలుపు మూసిన చప్పుడైంది. సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి.

"వచ్చినావా?"

"ఊ..."

"క్లచ్ తొక్కి స్టార్ట్ సెయ్. ఫస్ట్ గేరెయ్. నాను సెప్పేదాకా కాలు తియ్యకే!"

ఇంజను గుర్రుమంది. గేరు చప్పుడు లేకుండా పడింది. షాఫ్టు కదల్లేదు. కొండబాబు తెగ మురిసిపోయాడు. అప్పుడే ముక్కుకి ఏదో తగిలింది. చేపల వాసన కాదు, అది అతనికి పుట్టినప్పటి నుంచీ అలవాటే. ఇది చాలా రోజులు నీళ్ళలో నానిన గుడ్డ వాసన.

పెరటి తడిక తెరుచుకుంది.

"బావా! నువ్వు బండి కిందున్నావు... మరి ఇంజను ఎవులు స్టార్ట్ సేసినారు?"

గౌరి గొంతు. బయటి నుంచి.

కొండబాబు ప్రాణం ఇప్పుడు ఒక కాలి కింద ఉంది. ఎవరిదో తెలియని కాలి కింద. అరవాలన్నా భయమే. అరిస్తే ఉలిక్కిపడి వదిలేస్తుందేమో...

"వదలకు తల్లీ..." గొణిగాడు. "నీకు దండమెడతాను... వదలకు..."

వీపు ఇసుకలో ఈడ్చుకుంటూ అంగుళం అంగుళం జరిగాడు. నడుము... మోకాళ్ళు... పాదాలు. బయటపడ్డాడు. లేచి కిటికీలోంచి చూశాడు. సీటు ఖాళీ. క్లచ్ పెడల్ మాత్రం అడుగుకి అంటుకుని ఉంది.

ఇంతలో గౌరి వచ్చి బండి ముందు, దానికీ గోడకీ మధ్య నిలబడింది. "ఏటైనాది బావా?"

అతని చెవి పక్కనే గుసగుస.

"ఇప్పుడు వదలనా?"

పెడల్ మెల్లగా లేస్తోంది. కొండబాబు తలుపు లాగి ఒక్క ఉదుటున లోపలికి దూకాడు. ఉత్తికాలితో దాన్ని అడుగంటా తొక్కి, తాళంచెవి తిప్పేశాడు. ఇంజను ఆగింది. గౌరికి గండం గడిచింది. హమ్మయ్య అనుకున్నాడు.

అప్పుడు తెలిసింది. అరికాలికి తగులుతున్నది పెడల్ రబ్బరు కాదు. చల్లగా, మెత్తగా... ఇంకో పాదం. దాని ఐదు వేళ్ళూ ఒక్కొక్కటిగా కదిలాయి.