ఉత్తరపు గోడ చూరు

పొద్దుగూకితే బ్లాక్‌మియర్ ఊరి చర్చికి ఉత్తరం వైపు ఎవరూ వెళ్లరు. దక్షిణాన సమాధులు, పూలు, ఎండ. ఉత్తరాన నాచు, ముళ్లపొదలు, రాళ్లతో పూడ్చేసిన పాత తలుపు. బిడ్డకు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు సైతాను బయటికి పోవడానికి పూర్వం ఆ తలుపు తెరిచేవాళ్లట. పోయినవాడు ఎంత దూరం పోతాడు? గోడ పక్కనే చతికిలబడి ఉంటాడని ఊరివాళ్ల నమ్మకం.

అలాంటి చోట ఆ శీతాకాలం ఇంకో దెయ్యం తోడైంది. ఆడ దెయ్యం. గోడ వెంబడి వంగి నడుస్తూ... నీళ్లు పారబోస్తుందట.

"కళ్లారా చూశానురా జాబెజ్," గంటలు కొట్టే ముసలి ఒబదయా గుసగుసలాడాడు. "అంతా నీ చలవే. ఏడొందల ఏళ్ల గుడి నెత్తిన చెయ్యి పెట్టావు, ఊరుకుంటుందా?"

"నీ నెత్తికెక్కింది దెయ్యం కాదులే తాతా, సారా," అన్నాడు జాబెజ్.

ఆ ఏడాదే చర్చి పాత గడ్డికప్పు తీసి సీసపు రేకులు వేసింది అతనే. చూరునీళ్లకు చెకుముకి రాళ్ల గోడ చెమ్మెక్కుతోందని పాదిరి అంటే, చూరు పొడుగునా సీసపు దోనె కట్టి నీళ్లను పక్కకు మళ్లించిందీ అతనే. దెయ్యానికి కోపం వస్తే రానీ. అతని బాధ వేరు.

మూడేళ్ల కిందట అతను పట్నంలో పెద్ద చర్చి కప్పు మీద ఉండగా, ఇక్కడ భార్య కెజియాకు చచ్చిన బిడ్డ పుట్టింది. బాప్తిస్మం లేని బిడ్డకు సమాధుల్లో చోటు లేదన్నాడు పాదిరి. జాబెజ్ వచ్చేసరికే అంతా అయిపోయింది. ఎక్కడ పూడ్చావని అడిగితే ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. అప్పటినుంచీ ఆ ఇంట్లో మాటలంటే రొట్టె గురించి, కొవ్వొత్తి గురించి, అంతే.

బాప్తిస్మం లేని పసివాళ్ల ప్రాణాలు ఇలాంటి చోట్లే తిరుగుతాయంటారు. ఆ దెయ్యానికి తెలిసే ఉంటుంది... అడిగితే చెబుతుందేమో!

ఆ రాత్రి వెళ్లాడు. లాంతరు తీసుకుపోలేదు, దీపం చూస్తే పారిపోతుందేమోనని. చర్చి గుండ్రటి గోపురం చుట్టి ఉత్తరం వైపు తిరిగాడు. మొదట ఏమీ వినిపించలేదు. తర్వాత... నీళ్ల చప్పుడు.

గోడ మొదట్లో ఒక ఆకారం. వంగింది. నిలబడింది. మళ్లీ వంగింది.

ముందుకే నడిచాడు. "అమ్మా... నువ్వెవరివైనా సరే... నా బిడ్డ ఎక్కడుందో చెప్పు. ఇంకేం అడగను."

ఆకారం చేతిలోని బాల్చీ కింద పెట్టింది.

"వెనక్కి జరుగయ్యా," అంది. "దాని మీదే నిలబడ్డావు."

కెజియా గొంతు!

జాబెజ్ కాలు కాలినట్టు వెనక్కి గెంతాడు.

"మంత్రసానీ నేనూ తెచ్చి ఈ చూరు కిందే దాచాం. గుడి కప్పు మీద పడిన వాన పవిత్రమవుతుందిగా... వాన పడ్డప్పుడల్లా దానికి బాప్తిస్మమే అనుకునేదాన్ని. నీకు చెబితే పాదిరి దగ్గర దాచలేవు. తవ్వించి పారేస్తాడు." ఆమె పైకి, దోనె వైపు చెయ్యి చూపింది. "ఇప్పుడు నువ్వు చూరునీళ్లే ఆపేశావు. బావినీళ్లు మోస్తున్నాను. బావినీళ్లు పనికొస్తాయో లేదో..."

"ఆడపిల్లా?" అన్నాడు. మూడేళ్లయినా అదీ తెలియదు అతనికి.

"ఆడపిల్లే. పేరు లేదు. నువ్వొచ్చాక పెడదామనుకున్నాను."

గోపురం పక్కన పని మిగిలి నిచ్చెన ఇంకా అక్కడే ఉంది. జాబెజ్ దాన్ని మోసుకొచ్చి ఎక్కాడు. సీసం మెత్తన. ఎంతో ముచ్చటపడి కట్టిన దోనెను ఉత్తచేతులతోనే వంచి, పెరికి, కింద ముళ్లలోకి విసిరేశాడు. ఊళ్లో కుక్కలు మొరిగాయి.

ఆకాశం నిండా చుక్కలే, వాన జాడ లేదు.

"ఆ బాల్చీ ఇలా అందించు."

అందించింది. చెయ్యి సాచగలిగినంత పైకి సాచి, రేకుల మీద నీళ్లు వంచాడు. నీళ్లు మెల్లగా జారి చూరు అంచుకు వచ్చాయి.

"పేరు చెప్పయ్యా," కింద నుంచి కెజియా తొందరపెట్టింది. "త్వరగా చెప్పు, పడిపోతున్నాయి..."

"రోడా," అన్నాడు తండ్రి. అతని తల్లి పేరది.

నీళ్లు నేల మీద పడ్డాయి. అప్పుడు ఏడ్చింది కెజియా, మూడేళ్లలో మొదటిసారి, గొంతెత్తి.