పైకప్పు మీద నాలుగు చేతులు

అబుధాబిలోని కరామాలో ఏసుదానం గారి తలుపు తట్టేవాళ్ళలో సగంమంది భయపడుతూ వస్తారు, మిగతా సగంమంది భయపడుతూ వెళ్తారు. లీలాకుమారి మొదటి రకం. సుభాషిణి అందించిన టీ కప్పు ఆమె చేతిలో గలగలలాడుతూంటే, ఆ చప్పుడు వినే సుభాషిణికి కూడా గుండె దడ మొదలైంది. భయం జలుబులాంటిది, పక్కవాళ్ళకి ఇట్టే అంటుకుంటుంది.

ఏసుదానం గారు ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసి రిటైరైన మనిషి. కాలిన గోదాములూ, నుజ్జయిన కార్లూ చూసి, అది ప్రమాదమా, పన్నాగమా అని తేల్చడం ఆయన ఉద్యోగం. ఉద్యోగం అయిపోయినా పని తప్పలేదు. పోలీసుల దాకా వెళ్ళడానికి జంకే తెలుగువాళ్ళందరికీ ఆయనే డిటెక్టివ్. ఆ ఆఫీసులోనే ఆయన కింద పనిచేసిన సుభాషిణి ఇప్పటికీ ఆయన వెంటే ఉంది. జగిత్యాల ఆడపడుచు. బల్లిని చూస్తే కేక పెడుతుంది గానీ, ఏసుదానం గారి బుర్ర ఎలా పనిచేస్తుందో చూడ్డానికి మాత్రం ఎక్కడికైనా వెళ్తుంది.

లీలాకుమారి అబుధాబికి పడమట దూరంగా ఉన్న రువైస్‌లో నర్సు. భర్త విల్సన్ అక్కడే ఒక కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్. ఇద్దరిదీ నరసాపురం వైపు. చలికాలంలో ఎడారికి వెళ్ళి గడపడానికి ఒక పాత మినీబస్సు కొని, లోపల మంచాలూ పొయ్యీ పెట్టించి క్యాంపర్‌గా మార్చుకున్నారు. ఫ్యానుకీ ఫ్రిజ్జుకీ కరెంటు కావాలి కాబట్టి పైకప్పు మీద సోలార్ ప్యానెల్ వేయించారు. అద్దం పలక కాదు, అట్టలా వంగే రకం. దాన్ని కప్పు వంపుకి తగ్గట్టు పరిచి, అంచుల వెంబడి రెండువైపులా జిగురుండే టేపుతో అంటిస్తారు. అబుధాబి దగ్గర ముసఫాలో షెడ్డు నడిపే దయాకర్ పది రోజుల కిందట ఆ పని చేశాడు.

మూడు రోజుల కిందట కూతురు ఎలీనాతో సహా ముగ్గురూ అందులో అబుధాబి బయల్దేరారు. దారిలో మిర్ఫా ఊరు దాటాక పైన చప్పుడు మొదలైంది.

"ఎవరో కప్పు మీద కూర్చుని అరచేత్తో కొడుతున్నట్టుందండి," అంది లీలాకుమారి. "పాప నా ఒళ్ళో దూరిపోయింది. ఈయనేమో గాలిలే అన్నారు. ఇంతలో పెళ్ళుమని ఊడిపోయిందండి."

ఊడిన ప్యానెల్ వెనకాల వస్తున్న పికప్ అద్దాన్ని బద్దలుకొట్టింది. దాని డ్రైవర్ షాహబాజ్ అనే పెషావర్ మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు. ఒక కంటికి చూపు వస్తుందో రాదో డాక్టర్లు ఇంకా చెప్పడం లేదు. దయాకర్ కావాలనే వదులుగా అంటించాడని విల్సన్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. ఈ సాయంత్రం అసర్ నమాజు తర్వాత స్టేషనుకు రమ్మని దయాకర్‌కి కబురు వచ్చింది. వెళ్తే తిరిగి వస్తాడన్న నమ్మకం ఎవరికీ లేదు.

ఇంతవరకూ అయితే ఆమె ఇక్కడికి వచ్చేదే కాదు. ఫోను తీసి ఒక ఫొటో చూపించింది. తెల్లటి పైకప్పు. ప్యానెల్ ఉండిన చోట నాలుగు మూలలా నాలుగు నల్లటి అరచేతులు. వేళ్ళతో సహా స్పష్టంగా ఉన్నాయి. సుభాషిణికి చేతబడి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, దిగమింగుకుంది.

"మొదటిరోజు లీలగా ఉన్నాయండి. రోజురోజుకీ నల్లబడుతున్నాయి," అంది లీలాకుమారి. "మమ్మల్ని చంపాలని ఎవరో చూస్తున్నారు. దయాకర్ కాకపోతే ఆ మనిషి బయటే ఉంటాడు కదండీ. మళ్ళీ నా బిడ్డ మీదకే వస్తాడు."

భర్తకు చెప్పకుండా వచ్చానని కూడా అంది. ఏసుదానం గారు కళ్ళజోడు తుడుచుకుని, బండి ఎక్కడుందని అడిగారు.

బండి మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, వాళ్ళ బంధువుల విల్లా వెనక ఇసక మైదానంలో ఉంది. వీళ్ళు చేరేసరికి విల్సన్ గొట్టంతో కప్పు కడగబోతున్నాడు. మనిషి ఆజానుబాహుడు, గొంతు అంతకంటే పెద్దది. డిటెక్టివులతో పనేమిటని భార్యను కసిరాడు. ఏసుదానం గారు మర్యాదగా గొట్టం కట్టేయించి, వెనక నిచ్చెన ఎక్కారు. సుభాషిణిని కూడా ఎక్కమన్నారు.

ఆమెకు ఎత్తన్నా భయమే. పైగా ఇప్పుడు పైన ఆ చేతులు. కళ్ళు మూసుకుని ఎక్కి, పైకి చేరాక తెరిచింది. ఫొటోలో కన్నా పెద్దగా ఉన్నాయి. ఎండలో మెరుస్తున్న తెల్లటి రేకు మీద, లోపలినుంచి ఎవరో బయటికి రావడానికి తోస్తున్నట్టు కనిపించాయి.

"వాటి మీద నీ చెయ్యి ఆనించి చూడమ్మా. ఏ చెయ్యి సరిపోతుందో చెప్పు."

"నేనా సార్?"

ఆయన మొదటి గుర్తు వైపు వేలు చూపించారు. ఆమె దేవుణ్ణి తలుచుకుని ఎడమ చెయ్యి దగ్గరగా పెట్టింది, బొటనవేలు అటుది ఇటైంది. కుడి చెయ్యి పెడితే కుదిరింది. రెండోదానికీ కుడిదే. మూడూ, నాలుగూ కుడివే. తన చెయ్యి మాత్రం ఆ గుర్తుల్లో చిన్నపిల్ల చెయ్యిలా మునిగిపోయింది. ఆయన ఒక గుర్తును వేలితో రాసి వాసన చూశారు. మసి కాదు, జిడ్డుకు అంటుకున్న సన్నటి దుమ్ము.

ఊడిపోయిన ప్యానెల్ బండి లోపలే ఉంది. తిరగేసి చూస్తే, పక్క అంచుల్లో టేపు కప్పు రంగును కూడా పెచ్చులుగా లాక్కుని వచ్చింది. మూలల్లో మాత్రం శుభ్రంగా, జారుడుగా ఉంది. పొయ్యి పక్క సొరుగులో చిన్న నూనె సీసా ఒకటి, సగం దాకా ఉంది. వంట నూనెనా అని ఏసుదానం గారు అడిగారు. లీలాకుమారి సీసా వంక సరిగ్గా చూడను కూడా చూడలేదు. ప్రార్థన నూనె అనీ, వాళ్ళమ్మ ఊరినుంచి పంపిందనీ, పాస్టరు గారిని పిలిచి బండికి ప్రార్థన చేయిద్దామంటే భర్త నవ్వి కొట్టిపారేశాడనీ చెప్పింది. సేఫ్టీ ఆఫీసర్ బండికి నూనె దేనికి, సీటు బెల్టు చాలదా అన్నాడట. అందుకని ఆ సీసా ముట్టుకోనేలేదంది.

విల్సన్‌ని అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. తను స్క్రూలు బిగించమన్నాడు, రేకుకి బెజ్జాలు పడితే నీళ్ళు దిగుతాయనీ టేపు చాలనీ దయాకర్ వాదించాడు. నలుగురిలో మాటా మాటా పెరిగింది. ఆ కక్షతోనే ఇలా చేశాడని పోలీసులకు అంతా పూసగుచ్చినట్టు చెప్పానన్నాడు.

"ఈ చేతుల సంగతి కూడా చెప్పారా?"

విల్సన్ గొట్టం చుట్టడం మొదలుపెట్టి, అది ముఖ్యం అనుకోలేదన్నాడు.

అక్కణ్ణుంచి ముసఫా దగ్గరే. దయాకర్ షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పనిముట్లన్నీ కడిగి సర్దిపెట్టి ఉన్నాయి, మళ్ళీ వాటి మొహం చూస్తానో లేదో అన్నట్టు. ఊళ్ళో భార్యకు ఇంకా చెప్పలేదట. ఏసుదానం గారు పని ఎలా చేశావో మొదటినుంచీ చెప్పమన్నారు.

"స్పిరిట్‌తోని రెండుసార్లు తుడిచిన సార్. తుడిచినంక నా చెయ్యి గూడ తాకనియ్య. చెమట చెయ్యి తాకినా టేపు పట్టది. అది ఆరాలె, అప్పుడే అంటియ్యాలె."

"ఆరేదాకా అక్కడే ఉన్నావా?"

"ఛాయ్ తాగి రాపో, బండి కాడ నేనుంట అన్నడు విల్సన్ సారే. వొచ్చినంక టేపు మొత్తం వత్తి వత్తి అంటిచ్చిన."

పక్క షెడ్డులో రంగులు వేసే అర్షద్ పేరు దయాకర్ నోట వినగానే సుభాషిణి చెవులు నిక్కబొడుచుకున్నాయి. నిజామాబాద్ మనిషి. ఇదివరకు రువైస్‌లో విల్సన్ కిందే పనిచేశాడు. విల్సన్ రిపోర్టు వల్లే అతని ఉద్యోగం పోయింది. ప్యానెల్ వేసిన రోజు అతనూ ఇక్కడే ఉన్నాడు. చేతులు కూడా పెద్దవే.

"గుస్సా ఉంది సార్, ఝూట్ ఎందుకు చెప్తా," అన్నాడు, పిలిస్తే వచ్చిన అర్షద్. "దేఖ్ లూంగా, నీ సంగతి చూస్తా అని గూడ అన్న. మగర్ ఆ గాడీల చిన్న పాప కూసుంటది."

బండి తలుపు తాళం ఆ రోజు ఎవరి దగ్గరుందని ఏసుదానం గారు ఇద్దర్నీ అడిగారు. విల్సన్ జేబులోనే ఉందని ఇద్దరూ ఒకే మాట చెప్పారు.

తిరుగు దారిలో సుభాషిణి ఉండబట్టలేక, అర్షదే అయ్యుంటాడు సార్ అంది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, భయపడేవాళ్ళు ఎప్పుడూ కోపంగా ఉన్నవాడి వైపే చూస్తారమ్మా అన్నారు. ఆ మాటకు అర్థం ఆమెకు అప్పుడు తెలియలేదు.

అసర్ అజాన్‌కి ఇంకా వ్యవధి ఉండగానే దయాకర్, అర్షద్‌లతో సహా అందరూ క్యాంపర్ దగ్గర చేరారు. విల్సన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లీలాకుమారి ఒక్కొక్కరి చేతులకేసీ చూస్తోంది, వాటిలో ఏ చెయ్యి తన బిడ్డ ప్రాణం మీదకు వచ్చిందోనని. దయాకర్ మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు.

"ముందుగా ఒక సంగతి," అన్నారు ఏసుదానం గారు. "ఈ చేతులు ప్యానెల్ ఊడాక పడినవి కావు. టేపు ఉండిన చోటే, దాని కింద ఉన్నాయి. అంటే దయాకర్ తుడిచాక, అంటించక ముందు పడ్డాయి. రోజురోజుకీ నల్లబడడానికి దయ్యాలేం రాలేదు. అది నూనె, ఎండకు మెరిసే తెల్లరేకు మీద దయాకర్‌కి కనబడలేదు. గాలిలో దుమ్మంతా దానికి పట్టింది. పక్కల్లో టేపు రంగుతో సహా ఊడొచ్చింది, అంటే దయాకర్ పని గట్టిదే. నూనె ఉన్న మూలల్లో మాత్రం పట్టు దొరకలేదు. రువైస్ వెళ్ళేటప్పుడే మూలలు వదులయ్యాయి, తిరిగొచ్చేటప్పుడు ముందు మూల లేచి గాలికి కొట్టుకుంది. మీరు విన్న అరచేతి చప్పుడు అదే. తర్వాత గాలి కిందకి దూరి మొత్తం లేపేసింది."

"ఆ నూనె ఎవరు పోశారండీ?" అంది లీలాకుమారి.

"చెడగొట్టేవాడైతే గుడ్డతో పూసేసి పోతాడమ్మా, తన చెయ్యి గుర్తు వదలడు. ఇక్కడ నాలుగు మూలలా, ఒక్కో మూలకీ ఒక్కసారి, కుడి చెయ్యే ఆనింది. ఎడమ చెయ్యి ఎందుకు లేదు? ఎడమ చేతిలో సీసా ఉంది కాబట్టి. కొత్త ఇంటికి పాస్టరు గారు ఏం చేస్తారో మీకు తెలుసు."

సుభాషిణికి తెలియదు. లీలాకుమారే ఆమెకు చెప్పింది. నాలుగు మూలలా నూనె పూసి, చెయ్యి ఆనించి ప్రార్థన చేస్తారు, ఆ ఇంటికి ఏ కీడూ రాకూడదని.

"సీసా తాళం వేసిన బండిలో ఉంది. తాళం ఒక్కరి జేబులో ఉంది. దయాకర్‌ని టీకి పంపి బండి దగ్గర ఒంటరిగా ఉన్నదీ ఆయనే. పోలీసులకు అన్నీ చెప్పి, చేతుల సంగతి ఒక్కటే చెప్పనిదీ, పొద్దున కప్పు కడిగేయబోయిందీ ఆయనే. విల్సన్ గారూ, మీ కుడి చెయ్యి ఒకసారి పైన ఆనిస్తారా?"

విల్సన్ కట్టుకున్న చేతులు విప్పలేదు.

"భయమేసిందండి," అన్నాడు చివరికి. "పోయిన నెల ఆ రోడ్డు మీదే మా కంపెనీ వాళ్ళ కారు పల్టీ కొట్టింది. నన్నే పంపారు. పిల్ల చెప్పులు నేనే ఏరాను. ఎలీనా చెప్పుల్లాంటివే. ఇంట్లో చెప్పలేదు. ఆ రోజు నిచ్చెన ఎక్కి ఎవరూ చూడకుండా ప్రార్థన చేసుకున్నాను. టేపు పట్టదని తట్టలేదండి."

ఫిర్యాదు ఇచ్చేటప్పుడు దయాకర్‌దే తప్పని నిజంగానే నమ్మానన్నాడు. మర్నాడు లీలాకుమారి ఫొటో చూపించగానే తన చెయ్యి తను గుర్తుపట్టాడు. అప్పటికే దయాకర్‌దే తప్పని ఊరంతా చాటేశాడు. ప్రార్థనలు చూసి నవ్విన నోటితో, నేనే నూనె రాశానని చెప్పడానికి సిగ్గేసింది.

పొద్దుటినుంచీ వణికిన లీలాకుమారి చేతులు ఇప్పుడు నిలకడగా ఉన్నాయని సుభాషిణి గమనించింది.

"భయమేస్తే నాతో చెప్పుకోవాలి కదండీ," అంది. "నేను భయపడుతూనే ఉన్నాను. ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం. నూనె రాసినందుకు మిమ్మల్ని ఏమీ అనను. ఆ మనిషిని జైలుకి పంపబోయారు, అదే నేను ఓర్చుకోలేను."

విల్సన్ దయాకర్ ముందుకు వెళ్ళి తల వంచాడు. ఇప్పుడే స్టేషనుకు పోయి ఉన్నదున్నట్టు చెప్తాననీ, షాహబాజ్ కంటికి జవాబుదారీ తనదేననీ అన్నాడు. దయాకర్ కళ్ళు తుడుచుకుని కాసేపు ఆ పెద్దమనిషిని పైకీ కిందకీ చూశాడు.

"నన్నొక మాట అడగకపోతిరి సార్. మా దగ్గర బండికి కొబ్బరికాయ కొడ్తరు, నిమ్మకాయలు కడ్తరు. మీది నూనె. నేను అంటిచ్చినంక పైన పోసుకుంటే ఎవ్వలొద్దంటరు?"

అర్షద్ నవ్వబోయి ఆపుకున్నాడు. అజాన్ మొదలైంది. విల్సన్ బంధువుల కారు తాళం తీసి డ్రైవింగ్ సీట్లో కూర్చున్నాడు. లీలాకుమారి భర్త పక్క సీటు దాకా వెళ్ళి, మనసు మార్చుకుని వెనక తలుపు తీసి, అప్పటికే ఎక్కిన దయాకర్ పక్కన కూర్చుంది.

"స్టేషన్లో ముందు నేను మాట్లాడతాను, అన్నయ్యా. మీరేం భయపడకండి," అంది.

విల్సన్ అద్దంలో ఆ ఇద్దర్నీ ఒకసారి చూసి, కారు ముందుకు పోనిచ్చాడు.