పదకొండో చిరుగు

"ఇందులో పదకొండు చిరుగులుండాలి," అన్నాడతను, నల్లకోటును కౌంటరు మీద ఇటూ అటూ తిరగేస్తూ. "ఒక్కటీ కనిపించదేంటండీ?"

"కనిపిస్తే మా షాపుకి రావడమెందుకండీ?" అంది ఆమె.

మెచ్చుకుంటున్నాడనే అనుకుంది పాపం. రెండు రోజులు మెడ విరిగేలా కూర్చుని, ఆ కోటు లోపలి మడతల్లోంచే పోగులు లాగి, చిరిగిన చోటల్లా నేతలో నేతగా కలిపేసింది. బురద దులిపింది. జేబు పక్కన ఎర్రటి మరకేదో ఉంటే చన్నీళ్లలో నానబెట్టి, అది వదిలేదాకా తను వదల్లేదు. ఇస్త్రీ సరేసరి. ఇంత చేశాక ఒక మంచి మాట ఆశించడం తప్పేమీ కాదు.

అతను మాత్రం స్టూలు లాక్కుని కూలబడ్డాడు.

"మరక కూడా పోయిందా?"

"పూర్తిగా. దేనిదో గానీ మొండి మరక."

"రక్తం," అన్నాడతను.

ఆమె చేతిలో కత్తెర ఆగిపోయింది. మూల కుర్చీలో కాజాలు కుడుతున్న మేనత్త కళ్లజోడు సవరించుకుని, "ఎవరిది నాయనా?" అని తాపీగా అడిగింది.

"ఎవరిదీ కాదండీ. చక్కెర పాకంలో ఎర్ర రంగు. సినిమా రక్తం."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఊరి చివరి స్టూడియోలో ఒక సినిమా తీస్తున్నారు. విక్టోరియా రాణి కాలంలో జరిగి, హంతకుడెవరో ఇప్పటికీ తేలని హత్యల్ని ఆధారం చేసుకుని, మిగతాది సొంతంగా అల్లుకున్న కథ. పొగమంచు, గ్యాసు దీపాలు, గుర్రపు బగ్గీలు, పొడుగు టోపీలు. అందులో హంతకుడి ముఖం ఆఖరిదాకా చూపించరు. కోటు ఒక్కటే కనిపిస్తుంది. కొత్తగా కుట్టిన ఆ కోటును ఇరవై ఏళ్లు వాడినట్టు చేయడం ఇతని ఉద్యోగం. గరుకు కాగితంతో రుద్ది, టీ డికాషన్‌లో ముంచి, ఇనప బ్రష్షుతో గీరి, పదకొండు చోట్ల చింపడానికి అతనికి మూడు వారాలు పట్టింది. ఆ చిరుగులతో సగం సీను తీసేశారు కూడా. మిగతా సగం ఇవాళ నాలుగింటికి.

"గుండీ ఒకటి ఊడితే వేయమని పంపించానండీ. చీటీ కూడా పెట్టాను."

"జేబులో పెట్టారా?"

"అవును."

"దాన్నీ ఉతికేశానండీ," అంది ఆమె చిన్న గొంతుతో. వెంటనే, "గుండీ కూడా వేశాను లెండి," అని కలిపింది.

అతను తల పట్టుకున్నాడు. "నాకిదే మొదటి సినిమా. నాలుగింటికి ఈ కోటు ఇలాగే వెళ్తే, ఐదింటికి నేను ఇంటికెళ్తాను."

"దానికేముంది, మళ్లీ చింపేయండి."

"కొత్తగా కోస్తే కొత్త అంచు వస్తుంది, కెమెరా పట్టేస్తుంది. పాత చిరుగే తెరుచుకోవాలి. ఫోటోలున్నాయి, కానీ మీ కుట్టు ఎక్కడుందో భూతద్దం పెట్టినా దొరకట్లేదు. ఇంత బాగా ఎందుకు కుట్టారండీ?"

అతను ఏడుపు గొంతుతో అన్నాడు గానీ, ఆమెను అంతగా మెచ్చుకున్నవాడు అప్పటిదాకా లేడు.

ఆమె లోపలి బల్ల వైపు చూసింది. ఆమె తండ్రిని ఊరంతా మాస్టర్ అనే పిలుస్తారు. ఆయన బట్ట మీంచి తలెత్తడమే అరుదు. వేసిన రఫూ కుట్టు విప్పడం ఆ షాపు చరిత్రలో లేదు.

"మేలు చేయబోయి మనిషి పీకల మీదికి తెచ్చావు," అన్నాడు మాస్టర్, సుద్దగీత గీస్తూనే. "నువ్వేసిందే కదా, నువ్వే విప్పు."

"ఎక్కడని వెతుకుతారు?" అన్నాడతను.

"నేను కుట్టింది నేను మర్చిపోను. ఆ సన్న సూది ఇటివ్వండి."

ఆమె కళ్లు మూసుకుంది. కోటు వీపు మీద వేలికొన మెల్లగా నడిచింది, ఒకచోట ఆగింది. సూదిమొనతో ఒక్క పోగు లేపి లాగింది. మూడంగుళాల పాత చిరుగు, పీచు అంచులతో సహా, ఎక్కడిదక్కడ నోరు తెరిచింది. అతను కూడా తెరిచాడు.

"చూస్తూ కూర్చుంటారా, బురద పూస్తారా?"

అతను తన సంచిలోని బురద, రక్తం డబ్బాలు విప్పాడు. ఆమె విప్పడం, అతను పూయడం. ఆమె వేళ్ల వేగం చూస్తూ అతను రెండుసార్లు రక్తాన్ని తన చొక్కాకే పూసుకున్నాడు.

"ఇంతకీ హంతకుడెవరండీ?"

"చెబితే ఉద్యోగం పోతుంది."

"అది ఎలాగూ పోయేలా ఉందిగా."

"మీరుండగా పోదు లెండి," అన్నాడతను. అన్నాక తనే కంగారుపడి డబ్బా మూత వెతుక్కున్నాడు.

మూడున్నరకి పది చిరుగులు తేలాయి. బయట వాన మొదలైంది. పదకొండోది కోటు లోపలి అస్తరులో, ఎడమ వైపు, గుండె దగ్గర. ఆమె సూది ఆనించగానే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"అదొక్కటీ ఉంచండి. లోపలిది, ఎవరికీ కనిపించదు."

"పదకొండుండాలని గోల చేశారుగా?"

"సినిమాకి పది చాలు. అది నాకు."

వానకి చల్లటి గాలి వీస్తుంటే ఆమె చెవులు మాత్రం వేడెక్కాయి. ఆటో దాకా ఇద్దరూ కలిసి గొడుగు పట్టారు, కోటుకి. వాళ్లిద్దరూ తడిసి ముద్దయ్యారు. కోటు దొరబాబులా పొడిగా వెళ్లిపోయింది.

ఉద్యోగం నిలిచింది. మర్నాటి నుంచి అతనికి గుండీలు ఊడటం మొదలైంది. ఒకరోజు గుండీ, ఒకరోజు చేతి తొడుగు, ఒకరోజు టోపీ అంచు. ఎడమ భుజం కాస్త దిగువకి వాల్చి అతను వచ్చినప్పుడల్లా ఆమె "హంతకుడెవరు?" అంటుంది. అతను "కనిపెట్టండి, డిటెక్టివ్ గారూ," అంటాడు.

"గుండీలు తనే పీక్కుని వస్తున్నాడే," అంది అత్త నెల తిరిగాక. "ఇంత కష్టపడే పిల్లాణ్ని వదులుకోకు."

ఆమెకి వదులుకునే ఉద్దేశం లేదు. భయమల్లా తండ్రితోనే. "కొత్త బట్ట చింపేవాడికీ, చిరిగింది అతికేవాళ్లకీ పొత్తేంటి?" అని ఆయన ఒకసారి సుద్దముక్కతో అన్నట్టు అనేశాడు. షూటింగ్ అయిపోతే అతను ఇంకో ఊరు, ఇంకో సినిమా. అతను నోరు విప్పడు, ఈయన ఒప్పుకోడు. ఇలా అయితే లాభం లేదు, తనే తేల్చాలనుకుంది ఆమె.

సినిమా పూర్తయ్యాక, పనిచేసినవాళ్లకి మధ్యాహ్నం ఆట వేశారు. అతను మూడు టికెట్లు తెచ్చిచ్చాడు. ఆమెకి ఒకవైపు అత్త, ఒకవైపు నాన్న.

చివరి సీను. వంతెన మీద పొగమంచు. దీపం కింద హంతకుడు వెనుదిరిగి నిలబడ్డాడు. వీపు మీద ఆమె విప్పిన చిరుగులు. కోటు ఎగిరేలా గిరుక్కున తిరిగి, చీకట్లోకి నడిచిపోయాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆమె మాత్రం కోటుని చూడటం మానేసి, కోటులోని మనిషిని చూస్తోంది.

"ఎడమ భుజం అరంగుళం దిగువ," అన్నాడు మాస్టర్ పక్కనుంచి. తండ్రీ కూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

బయట వరండాలో అతను ఎదురుచూస్తున్నాడు.

"హంతకుడు మీరే," అంది ఆమె.

"హంతకుడి వేషం వేసే నటుడు చిరుగులు పెద్దవవుతాయేమోనని అడుగు తీసి అడుగు వేయలేదండీ. డైరెక్టర్ విసుక్కుని, ముఖం కనిపించదుగా, నువ్వే వేసుకో అన్నారు. కోటేసుకున్నా ఎలా పోల్చారు?"

"ఇన్నాళ్లుగా చూస్తున్న భుజం తెలీదా? మీరంటే నాకిష్టం. మీరే చెప్తారని ఆగాను. మీరేమో గుండీలు తెచ్చిస్తున్నారు."

"మొదటిరోజే చెప్పానండీ," అన్నాడతను. "గుండె దగ్గరది నాకని. మీకంటే ముందు నేనే." ఇక దాచడానికేమీ లేదన్నట్టు హాయిగా నవ్వేశాడు.

వెనక మాస్టర్ దగ్గాడు. అతని నవ్వు ఆగిపోయింది.

"అలా గిరుక్కున తిరిగినా చిరుగు ఒక్క పోగు కూడా సాగలేదు," అన్నాడు మాస్టర్. "చింపడానికి కూడా చెయ్యి తిరిగి ఉండాలని ఇవాళే తెలిసింది. తిన్నగా నిలబడు."

జేబులోంచి టేపు తీశాడు. ఆయన జేబులో అది లేని రోజు లేదు.

"పెళ్లికి కోటు కుడతాను. దానికి గరుకు కాగితం తగిలితే ఊరుకోను."

"తగలనివ్వను మాస్టారూ."

"పాతది కావాలని ముచ్చటపడితే, ఇద్దరూ కలిసి ముప్పై ఏళ్లు కాపురం చెయ్యండి. అదే అవుతుంది."

"మధ్యలో చిరిగితేనో?" అన్నాడతను.

మాస్టర్ కూతురి వైపు చూశాడు. టేపు రెండో కొస కూతురి చేతికిచ్చి, "ఎడమ భుజం నువ్వు చూడమ్మా, నీకే బాగా తెలుసు," అన్నాడు.