పాస్తా ఉడికేదాకా

"బాగైన ఓవెన్ ఇవ్వడానికి ఏమిటండీ మీకు అభ్యంతరం?"

షాపు షట్టరు సగం దించి ఉంది. బయట వాన. ఆ సందులోంచి వంగి లోపలికొచ్చిన అమ్మాయి గొడుగైనా మూయకుండా గొడవకు దిగింది. గొడుగు మీది నీళ్ళన్నీ మెకానిక్ స్క్రూడ్రైవర్ల మీద పడ్డాయి.

"అభ్యంతరం ఏం లేదండి. టెస్టు కాలేదు."

"పొద్దున ఫోన్ చేస్తే రిపేరు అయిపోయిందన్నారు!"

"రిపేరు అయింది. టెస్టు కాలేదు."

"రెండూ ఒకటే కదా?"

"మీరు కళ్ళద్దాలు చేయించి, పెట్టి చూడకుండానే ఇచ్చేస్తారా?"

ఆ అమ్మాయి తడబడింది. రెండు వీధుల అవతల కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేసేది తనే. కోటు మీద బ్యాడ్జి తియ్యడం మర్చిపోయి వచ్చింది.

"నా ఉద్యోగం నాకే నేర్పుతున్నారే!" అంది.

మాటల విషయంలో మెకానిక్ మహా పిసినారి. ఓవెన్ గురించి అడిగితే మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. "వీణ్ణి ప్రేమలేఖ రాయమన్నా వైరింగ్ బొమ్మ గీసిస్తాడు," అంటాడు షాపు ఓనరు. ఆ ఓనర్ని వీధిలో అందరూ బాబాయ్ అనే పిలుస్తారు.

మెకానిక్ చేతులు కడుక్కుని బల్ల మీద లోతైన గాజు గిన్నె పెట్టాడు. అందులో గుప్పెళ్ళతో పచ్చి పాస్తా పోశాడు. టమాటా గుజ్జు, చితక్కొట్టిన వెల్లుల్లి, ఉప్పు, మిరియాల పొడి, కాస్త నూనె వేశాడు. పాలూ నీళ్ళూ కలిపి పాస్తా మునిగేదాకా పోశాడు.

"ఇదేంటి, వంటా?"

"టెస్టు."

"పాస్తా ముందు ఉడకబెట్టుకోరా?"

"అక్కర్లేదండి. పైన ఫాయిల్ గట్టిగా కప్పితే ఆ ఆవిరికే ఉడుకుతుంది. తర్వాత ఫాయిల్ తీసి, ఒకసారి కలిపి, చీజ్ చల్లి మళ్ళీ పెట్టాలి. పైన ఎర్రగా అయ్యాక తీసెయ్యడమే. అంతా ఒకే గిన్నె. కడుక్కోవడానికీ ఒకటే."

"దీంతో ఓవెన్ సంగతేం తెలుస్తుంది?"

అదిగో, ఆ ప్రశ్న అడక్కూడదు. మెకానిక్ ముఖం వెలిగిపోయింది.

"మీటరు పెడితే వేడి ఎంతుందో తెలుస్తుంది. ఆ వేడి గిన్నె మూలల దాకా వెళ్ళిందో లేదో తెలీదు. మూలనున్న పాస్తా గట్టిగా ఉందనుకోండి, ఓవెన్ ఇంకా నా దగ్గరే ఉండాలి. చీజ్ ఒకవైపే మాడిందనుకోండి, ఫ్యాన్ చూడాలి. పైన..."

"సరే సరే, పెట్టండి!" అందామె నవ్వాపుకుంటూ.

గిన్నె ఓవెన్లోకి వెళ్ళింది. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. కాసేపటికి వెల్లుల్లి వాసన షాపంతా కమ్ముకుంది. అంత వానచప్పుడులోనూ ఆమె కడుపు చేసిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. అతను వినబడనట్టు ప్లగ్గు తుడవడం మొదలుపెట్టాడు.

"నవ్వితే నవ్వండి. మధ్యాహ్నం తిన్లేదు," అందామె. "ఇంట్లో నేనూ నాన్నా ఇద్దరమే. ఉద్యోగం నుంచి వెళ్ళేసరికి గరిటె ముట్టుకునే ఓపిక ఉండదు నాకు. నాన్నేమో నా కోసం చూసి చూసి బ్రెడ్డు తినేసి, కడుపు నిండిపోయిందని అబద్ధం చెప్తారు."

"అయితే ఇదే చేసుకోండి. గిన్నె ఓవెన్లో పెట్టేసి మీరు స్నానం చేసి వచ్చేసరికి ఉడికిపోతుంది."

పాస్తా ఉడికింది. గిన్నె బయటికి తీశాక కాసేపు ఆగాలని, వెంటనే వడ్డిస్తే పల్చగా జారిపోతుందని, వదిలేస్తే దానంతటదే సర్దుకుంటుందని అతను చెప్తూనే ఉన్నాడు. ఆమె ఆగలేదు. నాలుక కాలింది. నోరు విసురుకుంటూనే ఇంకో ముక్క తీసుకుంది. అలా తినే మనిషిని అతనంతకు ముందు చూడలేదు. తన టెస్టులన్నీ ఒంటరిగానే తినేవాడు మరి.

"మూలన ఉడికిందా?" అంది చివరికి.

"ఉడికింది."

"అయితే ఓవెన్ తీసుకెళ్ళొచ్చా?"

"తీసుకెళ్ళొచ్చు," అన్నాడు. ఎందుకో ఆ మాట అనడం అతనికి కష్టమైంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఇంకో ఓవెన్ వచ్చింది. పొద్దున షట్టరు ఎత్తేసరికి గుమ్మంలో ఉంది, మీద చీటీ అంటించి. సాయంత్రం ఆమె వచ్చింది.

"మా కింది ఫ్లోరులో ఉండే పిన్నిది. సరిగ్గా వేడెక్కట్లేదట."

ఆ పిన్ని ఓవెన్ వెళ్ళాక స్నేహితురాలి ఓవెన్ వచ్చింది. దాని తర్వాత నాన్నగారి ఫ్రెండుది. మెకానిక్ ఒక్కొక్క దాన్నీ ఊడదీసి, తుడిచి, బిగించాడు. ఎక్కడా జబ్బు కనపడలేదు. అయినా టెస్టు టెస్టే కదా. ఒకరోజు పుట్టగొడుగులు వేశాడు. ఇంకోరోజు క్యాప్సికం. షాపులో ఎప్పుడూ ఒక్క ఫోర్కే ఉండేది, రెండోది కొన్నాడు. ఎందుకురా అని బాబాయ్ అడిగితే, మొదటిది పాతబడిందన్నాడు.

ఓవెన్ వెలుగులో ఆమె ముఖం ఒకవైపే కనిపించేది. కబుర్లన్నీ ఆమెవే. లెన్సులు తలకిందులుగా బిగించిన రోజు, సొంత కూతురిని గుర్తుపట్టని తాతగారు, అన్నీ చెప్పేది. అతను వినేవాడు. పాస్తా త్వరగా ఉడికితే ఆమె తొందరగా వెళ్ళిపోతుందని, ఒకరోజు వేడి కాస్త తగ్గించి పెట్టాడు కూడా. మనవాడు జీవితంలో చేసిన ఒకే ఒక్క మోసం అది.

అంతటి మనిషి, ఒక సాయంత్రం ఏం చేశాడో చూడండి.

"మీకొక మాట చెప్పాలి," అన్నాడు.

ఆమె ఫోర్కు కింద పెట్టింది. చెవి వెనక్కి జుట్టు సర్దుకుంది. "చెప్పండి."

"ఈ ఓవెన్‌లో ఏ లోపమూ లేదు. కిందటిసారి తెచ్చినదాంట్లోనూ లేదు. అనవసరంగా శ్రమపడుతున్నారు. ఇకమీదట అనుమానం వస్తే ఫోన్ చెయ్యండి, ఫోన్లోనే చెప్పేస్తాను. ఇంత దూరం మీరు రావక్కర్లేదు."

"రావక్కర్లేదా?"

"అక్కర్లేదండి," అన్నాడు, ఎంతో మేలు చేస్తున్నవాడిలా.

ఆమె అతని వంక చూసింది. ఆ చూపులో ఏముందో చదవడం మీటర్లతో బతికేవాడి వల్ల కాలేదు.

"సరే, రాను," అని లేచింది. ప్లేటులో సగం అలాగే వదిలేసి, వానలో గొడుగు కూడా తెరవకుండా వెళ్ళిపోయింది.

అతను ఫోన్ కోసం చూశాడు. ఫోన్లు వచ్చాయి. మిక్సీ తిరగట్లేదని ఒకరు, ఫ్రిజ్జు నీళ్ళు కారుతోందని ఒకరు. ఆమె మాత్రం చెయ్యలేదు. సాయంత్రం షట్టరు సగం దించి, ఇంకాస్త దించబోయి, మళ్ళీ పైకెత్తేవాడు. ఎవరో వంగి లోపలికి వస్తారని. వాన పడిందంటే మరీ కష్టం. వీధిలో వెళ్ళే ప్రతి గొడుగూ ఆమెదే అనిపించేది. ఇంటికి వెళ్ళే దారి కళ్ళద్దాల షాపు వైపు కాకపోయినా అటునుంచే వెళ్ళేవాడు. అద్దాల వెనక ఆమె ఎవరో ముసలావిడకి ఫ్రేములు పెట్టి చూపిస్తూ నవ్వేది. ఆ నవ్వు ముసలావిడ దగ్గర్నుంచి లాక్కోగలిగితే బాగుండుననిపించేది. కాళ్ళు మాత్రం గుమ్మం దాకా వెళ్ళేవి కావు.

బెంగ పెట్టుకున్నాడు. దానికి ఆ పేరని కూడా తెలియదు పాపం. చెయ్యి అలవాటుగా ఇద్దరికి సరిపడా పాస్తా పోసేది. ఒక భాగం తిని రెండోది ఫ్రిజ్జులో పెట్టేవాడు.

"ఒరేయ్," అన్నాడు బాబాయ్ ఓ పొద్దున, "రోజూ ఈ చల్లారిన పాస్తా నా వల్ల కాదు. ఆ అమ్మాయేదీ?"

"ఓవెన్లు బాగానే ఉన్నాయి, రావక్కర్లేదని చెప్పాను బాబాయ్."

బాబాయ్ ఫోర్కు గాల్లో ఆపేశాడు. "ఏమని చెప్పావూ?"

"నిజమే చెప్పాను. ఒక్కదాంట్లో కూడా లోపం లేదు."

"లోపం లేని ఓవెన్లు ఎవరైనా షాపుకి తెస్తారా?"

"అదే నాకూ అర్థం కాలేదు."

"ఆలోచించు."

మెకానిక్ ఆలోచించాడు. చేతిలో స్పానరు జారి పాదం మీద పడింది. నొప్పి కూడా తెలియలేదు.

"బాబాయ్!"

"హమ్మయ్య," అన్నాడు బాబాయ్. "వేడి మూల దాకా వెళ్ళింది."

మధ్యాహ్నం కళ్ళద్దాల షాపులో పరీక్ష కుర్చీలో మెకానిక్ కూర్చుని ఉన్నాడు. తల దువ్వుకుని వచ్చాడు. ఆమె అతన్ని చూసి ఆశ్చర్యపోయిందో లేదో గానీ, పైకి ఏ మాత్రం తేలలేదు.

"ఏమిటి ఇబ్బంది?"

"సరిగ్గా కనపడట్లేదండి."

"ఆ సంగతి నాకు తెలుసు," అంది. "చదవండి."

అతను గోడ మీది అక్షరాల చార్టు పైవరస నుంచి కిందివరస దాకా ఒక్క తప్పు లేకుండా చదివేశాడు. ఆఖర్లో అడుగునున్న ప్రింటింగ్ ప్రెస్సు పేరు కూడా చదివాడు. ఆమె దీపం ఆర్పి, చిన్న లైటు పట్టుకుని అతని ముఖం దగ్గరికి వంగింది.

"కదలకండి. నా చెవి వైపు చూడండి. ఊపిరి తీసుకోవచ్చు, ఫరవాలేదు."

అన్నాళ్ళు బల్లకి అవతల కూర్చున్న మనిషి ఇంత దగ్గరగా. మరుక్షణం గదిలో దీపం వెలిగింది.

"మీ కళ్ళలో ఏ లోపమూ లేదు. అనవసరంగా శ్రమపడ్డారు. ఇకమీదట అనుమానం వస్తే ఫోన్ చెయ్యండి."

తన మాటలే. వింటుంటే ఇంత బాధగా ఉంటాయని అతనికి ఇప్పుడే తెలిసింది. లేచి తలుపు దాకా వెళ్ళాడు. అక్కడ ఆగిపోయాడు.

"లోపం లేదని తెలిసే వచ్చాను," అన్నాడు తలుపుతో. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "మీరూ అలాగే వచ్చేవారని నాకు తట్టలేదు. ఇవాళ పొద్దునే తెలిసింది. మీరు మానేసినప్పటినుంచి నాకు తిండి సయించట్లేదు. పని చేస్తున్నాను, సాయంత్రం అయితే దేనికి చేశానో తెలీట్లేదు. మీరంటే నాకు చాలా ఇష్టమండి. ఫోన్లో చెప్పే మాట కాదు, అందుకని వచ్చాను."

ఆమె కోటు జేబులోంచి లెన్సులు తుడిచే బట్ట తీసి కళ్ళు తుడుచుకుంది.

"ఈ ఒక్క మాట కోసం ఎన్ని ఓవెన్లు మోయించారండీ నాచేత!"

"క్షమించండి."

"క్షమించను. సాయంత్రం మా ఇంటికి రండి. వంట నేను చేస్తాను. నాన్నకి మాత్రం మీరే చెప్పాలి."

నాలుగంతస్తులు ఎక్కేసరికి మెకానిక్‌కి ఆయాసం వచ్చింది. లిఫ్టు లేదు. తలుపు తీసిన పెద్దాయన ముందు అతని చేతుల వంక చూశాడు. పనిముట్ల సంచీ లేదు.

"ఏ ఓవెన్ పాడైందోయ్ మళ్ళీ?"

"ఏదీ పాడవలేదండి." గొంతు సవరించుకున్నాడు. "మీ అమ్మాయి కోసం వచ్చాను. నాకు తనంటే ఇష్టం. తనకీ నేనంటే... మీరు ఒప్పుకుంటే..."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

పెద్దాయన కుర్చీ చూపించి, తను ఇంకో కుర్చీలో నడుం పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"ఆ ఓవెన్లన్నీ ఈ మెట్లు దింపి, తెల్లారేసరికి మీ గుమ్మంలో పెట్టి వచ్చింది ఎవరనుకున్నావు బాబూ? మళ్ళీ పైకి మోసింది ఎవరు?"

"అవి పాడయ్యాయని చెప్పాను కదా నాన్నా!" వంటింట్లోంచి కేక.

"చెప్పావమ్మా. పిన్ని కేకు చేస్తుంటే మధ్యలో ఆపించి మరీ ప్లగ్గు పీకావు." ఆయన మెకానిక్ వైపు తిరిగాడు. "ఏ రోజు ఓవెన్ మోసినా ఆ రోజు సాయంత్రం పిల్ల పాట పాడుకుంటూ వచ్చేది. ఆ పాట కోసం మోశాను. ఈమధ్య మోసేదేమీ లేదు, నా నడుం హాయిగానే ఉంది. పిల్ల మాత్రం నోరు విప్పట్లేదు."

మెకానిక్ తల వంచుకున్నాడు.

"కాబట్టి ఇలా చేద్దాం," అన్నాడు పెద్దాయన. "రోజూ నువ్వే మెట్లెక్కి రా. నిన్నైతే నేను మొయ్యక్కర్లేదు."

వంటింటి గుమ్మంలో ఆమె నిలబడి ఉంది, చేతులకి తొడుగులతో, వేడిగిన్నె పట్టుకుని. ఇటే చూస్తోంది.

"వస్తానండి," అన్నాడు మెకానిక్.