కొయ్య కడియం కడిగిన రోజు

"కంపు కొట్టనిది, మరక పడనిది, మా నాన్నకి తెలియనిది. అలాంటి శానిటైజర్ ఏదైనా ఉందా?"

బీరు కాసే సామాన్లమ్మే తన షాపులో సీసా మూతలు సర్దుతున్న సిన్నెవ వెనక్కి తిరిగింది. గుమ్మంలో ఓ పొడుగాటి మనిషి. అతని రెయిన్‌కోటు మీది నీళ్ళన్నీ ఆమె అప్పుడే తుడిచిన నేల మీద కారుతున్నాయి.

"మొదటి రెండూ ఉన్నాయి. మూడోది మీ నాన్నగారి ముక్కుని బట్టి ఉంటుంది. ముందు ఆ కాళ్ళు తుడుచుకునే పట్టా మీద నిలబడండి."

అతను బుద్ధిగా పట్టా మీదికి జరిగాడు. పేరు ఐవిండ్. ఈ బెర్గెన్ పట్నం నుంచి రెండు గంటలు ప్రయాణం చేస్తే, సముద్రపు పాయ చివర వాళ్ళ పొలం. తండ్రి షుర్ ఏటా క్రిస్మస్ బీరు ఇంట్లోనే కాస్తాడు. తల్లి పోయిన ఈ మూడేళ్ళలో మూడుసార్లు కాశాడు, మూడుసార్లూ పుల్లబడి పారబోయాల్సి వచ్చింది.

"పాత్రలు దేనితో కడుగుతారు?"

"కొండ మీది జూనిపర్ పొదల కొమ్మలు మరిగించిన నీళ్ళతో. మా తాత అలాగే కడిగాడు, ఆయన తాత కూడా అలాగే..."

"వాళ్ళూ పుల్లటి బీరే తాగారా?"

ఐవిండ్ నవ్వాపుకున్నాడు. సిన్నెవ మూడు సీసాలు తీసి వరసగా పెట్టింది.

"ఇది బ్లీచింగ్. చవక. సరిగ్గా తొలవకపోతే బీరు స్విమ్మింగ్ పూల్ వాసనేస్తుంది. ఇది అయోడిన్. రెండు నిమిషాల్లో పనైపోతుంది కానీ గొట్టాలన్నీ పచ్చబడతాయి. ఇది యాసిడ్‌ది. నురగొస్తుంది. తొలవక్కర్లేదు, ఆ నురగ మీదే బీరు పోసేయొచ్చు."

"నురగ మీదా? తాగితే ఏమీ కాదా?"

"నేను ఆరేళ్ళుగా తాగుతున్నాను. ఎలా ఉన్నానో చూడండి."

అన్నాక గానీ ఏమందో ఆమెకి తెలియలేదు. అతను మాత్రం ఆ మాటని గౌరవించి చాలాసేపు చూశాడు.

"ఆ మూడోదివ్వండి," అన్నాడు చివరికి. అతని చెవులు ఎర్రబడ్డాయి.

తర్వాత ప్రతి శనివారం వచ్చాడు. ఒకసారి గొట్టం, ఒకసారి బ్రష్షు, ఒకసారి థర్మామీటరు. మరుసటి వారం ఇంకో థర్మామీటరు అడిగాడు. 

"మొన్న కొన్న థర్మామీటరేమైంది?"

"బానే ఉంది. పాపం, ఒంటరిగా ఉంది. దానికో తోడు కావాలి."

"ఎవరికి?"

"థర్మామీటరుకే."

అయిదో శనివారం అతను ఏమీ కొనలేదు. పట్టా మీద నిలబడి టోపీ చేతుల్లో తిప్పుతూ ఉండిపోయాడు.

"ఈ ఏడు కూడా చెడిపోతే ఇంక కాయనంటున్నాడు నాన్న. బీరు కాసే పొయ్యింటికి తాళం వేసి ఆ తాళంచెవి నీళ్ళలో పారేస్తాట్ట. ఆయన పొద్దున లేచేదే దాని కోసం. అదీ పోతే లేవడు, సిన్నెవా. ఒక్కసారి వచ్చి చూస్తావా?"

అతను 'మీరు' అనడం ఎప్పుడు మానేశాడో ఇద్దరూ గమనించలేదు.

*

"ఆ వానల ఊరు బెర్గెన్ నుంచా? అయితే ఈ వాన నీ వెనకాలే వచ్చిందన్నమాట," అన్నాడు షుర్ గుమ్మంలోనే. ఆమె చేతిలోని సీసా వైపు చూశాడు. "ఇదేనా నా జూనిపర్‌కి నువ్వు తెచ్చిన సవతి?"

"సవతి కాదు షుర్ గారూ, తోడికోడలు. సర్దుకుపోతారు."

ఆయన మీసం కొంచెం కదిలింది. మూడేళ్ళ తర్వాత ఆ మీసం కదలడం ఇదే మొదటిసారని ఐవిండ్ ఆమె చెవిలో చెప్పాడు.

భోజనాలయ్యాక షుర్ మేడ మీదికెళ్ళి పడుకున్నాడు. ఐవిండ్ కొమ్మలు కొట్టుకురావడానికి కొండెక్కాడు. సిన్నెవ చేతులు పైకి మడిచి పొయ్యింట్లో దూరింది.

ఆమె పని పద్ధతిగా ఉంటుంది. శానిటైజర్ కొలిచి తొట్టిలో కలిపింది. గరిటెలు, గొట్టాలు, మూతలు ఒక్కొక్కటే ముంచి తీసింది. అప్పుడు కనిపించింది, దూలానికి వేలాడుతూ ఒక కొయ్య కడియం. చిన్న చిన్న చెక్కముక్కలు గుచ్చి కట్టిన, మూరెడు వెడల్పు కడియం. సందుల నిండా ఎండిన పిండిలాంటి గోధుమరంగు పెచ్చు.

బీరు తిప్పే సాధనం కాబోలనుకుంది. అసలు దొంగ దొరికాడనీ అనుకుంది. ఇంత మురికి లోపల ముంచితే బీరు పుల్లబడక ఏం చేస్తుంది?

బ్రష్షుతో తోమింది. వేడినీళ్ళు పోసింది. పది నిమిషాలు నురగలో నానబెట్టింది. పెచ్చు ఊడి, కరిగి, తూములోంచి పోయింది. అడుగున చెక్క కొత్తదానిలా తెల్లగా తేలింది. అందరికీ కనిపించేలా దాన్ని గుమ్మం పక్కన ఆరేసి, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

ఐవిండ్ వచ్చాడు. భుజం మీది కొమ్మల మోపు జారి బురదలో పడింది.

"అది... కడిగావా?"

"ఎంత మురికి పట్టిందో తెలుసా? మూడుసార్లు తోమితే గానీ..."

"మురికి కాదది. ఈస్ట్."

ఆమెకి తెలిసిన ఈస్ట్ షాపు ఫ్రిజ్‌లో, పొట్లాల్లో ఉంటుంది. ఆ ఇంట్లో ఈస్ట్ ఎన్నడూ కొనలేదు. ప్రతిసారీ బీరు పొంగుతుండగా కడియాన్ని అందులో ముంచి, పొయ్యి సెగన ఆరబెట్టి, దూలానికి తగిలించడం. మళ్ళీ కాసినప్పుడు అదే కడియాన్ని అందులో వేయడం. అయిదు తరాలుగా అదొక్కటే నడుస్తోంది.

"నాన్న లేవకముందే వెళ్దాం పద," అన్నాడు ఐవిండ్. "ఒకింట్లో చెడిపోతే ఇంకో ఇంట్లోంచి తెచ్చుకోవడం ఇక్కడ అలవాటు. మా దగ్గర పట్టుకెళ్ళిన వాళ్ళు మూడిళ్ళున్నారు."

మొదటింటాయన తల అడ్డంగా ఊపాడు. "మేం పొట్లాలకి మారి పదేళ్ళయింది నాయనా. ఎవరు పడతారా బాధ?" రెండో ఇల్లు పట్నం వాళ్ళు కొనుక్కున్నారు. వేసవికి తప్ప తాళం తీయరు. మూడో ఇల్లు గుడ్వైగ్ పెద్దమ్మది. ఆమె ముందు వాళ్ళని కూర్చోబెట్టి, వేడివేడి వాఫుల్ అట్ల మీద గోధుమరంగు చీజు ముక్కలు వేసి పెట్టింది. తర్వాత చెప్పింది.

"ఫ్రీజర్లో దాచానురా. వసంతంలో మా వాడు ఐస్‌క్రీములకి చోటు చాల్లేదని పారేశాడు. ఏదో పాతపిండి అనుకున్నాట్ట."

ఇద్దరూ చేతిలోని ముక్కలు పళ్ళెంలో పెట్టేశారు.

కారు ఇంటివైపు తిరిగింది.

"నాన్నకి చెప్పొద్దు," అన్నాడు ఐవిండ్. "కడియానికి పిండి పూసి పొయ్యి దగ్గర పెడితే పాతదానిలాగే కనిపిస్తుంది. బీరులో ఎందుకైనా మంచిదని నువ్వు తెచ్చిన ఈస్ట్ పొట్లం వేద్దాం."

"ఆయనకి తెలియనిదేదైనా ఉందా అని మొదటి రోజే అడిగావు. అప్పుడు నవ్వొచ్చింది."

"నిజం చెబితే నిన్ను మళ్ళీ గడప తొక్కనివ్వడు. నాకు నువ్వు కావాలి, సిన్నెవా."

ఆమె కిటికీ వైపు తిరిగింది. అయిదు శనివారాలు ఎదురుచూసిన మాట. తడిసిన ఉన్నికోటు వాసనతో, దొంగతనానికి తోడు రమ్మన్నట్టు వచ్చింది.

"ఆ మాట ఇవాళ తప్ప ఇంకే రోజు అన్నా సంతోషించేదాన్ని," అంది.

*

షుర్ వంటింట్లో కాఫీ తాగుతున్నాడు. సిన్నెవ కడియాన్ని ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"ఇందులో ఉన్నదేమిటో తెలియక కడిగేశాను. ఐవిండ్ అప్పుడు ఇంట్లో లేడు. ఊళ్ళో అడిగాం. ఎవరి దగ్గరా లేదు."

ఆయన కడియాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కో చెక్కముక్కనీ బొటనవేలితో తడిమాడు. వాసన చూశాడు.

"చచ్చినదాన్ని మళ్ళీ ఎవరు చంపుతారమ్మాయ్?"

ఐవిండ్ కుర్చీలోంచి లేచాడు. "ఏంటి నాన్నా?"

"ఆఖరిసారి దీన్ని మీ అమ్మ బ్రీతా ఆరబెట్టింది. కట్టెలు తడిసి సెగ చాల్లేదు. లోపల బూజు పట్టింది. మొదటిసారి వేయగానే నాకు తెలిసిపోయింది."

"మరి ఇంకో రెండుసార్లు ఎందుకు వేశావు? నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే కొత్త ఈస్ట్ తెచ్చేవాడివి. దీన్ని శుభ్రంగా కడగాలనేవాడివి." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "ఆ పెచ్చు మీద మీ అమ్మ వేళ్ళ గుర్తులుండేవిరా. ఇక్కడ మూడు, ఇక్కడ బొటనవేలు. ఈ వైపు తడవకుండా అవతలి అంచు మాత్రమే ముంచేవాణ్ణి. పొద్దున్నే లేచి వాటిని చూసుకునేవాణ్ణి."

సిన్నెవ తను తోమిన తెల్లటి చెక్క వైపు చూసింది. ఈస్టయితే ఏ కొండ అవతలో వెతకొచ్చు. ఆ వేళ్ళ గుర్తుల్ని ఎక్కడ వెతకాలి? షుర్ కడియం పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఎవరూ తినలేదు. ఐవిండ్, ఆమె బల్లకి చెరో వైపు కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పైగది నేల చప్పుళ్ళు విన్నారు.

తెల్లవారి మొదటి బస్సుకి సిన్నెవ సంచీతో కిందికి దిగింది. పొయ్యింటి గొట్టంలోంచి పొగ వస్తోంది. లోపల షుర్ ఒక్కడే కట్టెలు ఎగదోస్తున్నాడు.

"బస్సు రేపూ ఉంటుంది," అన్నాడు వెనక్కి తిరక్కుండా. "ఆ నురగనీళ్ళు ఎంత కలపాలో నాకు తెలీదు. వచ్చి కలుపు."

రోజంతా ముగ్గురూ కాశారు. మధ్యాహ్నానికి, కాచిన బార్లీ మాల్ట్ నీళ్ళు చల్లారి గోరువెచ్చగా అయ్యాయి. ఆమె తెచ్చిన పొట్లాన్ని షుర్ గిన్నెలో కలిపి ఆమె చేతికిచ్చాడు.

"నాన్నా," అన్నాడు ఐవిండ్ మెల్లిగా, "మనింట్లో బయటివాళ్ళు ఈస్ట్ పోయరు కదా."

"తెలుసు. అందుకే ఆ అమ్మాయికిచ్చాను."

ఐవిండ్‌కి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక తల వంచుకుని ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు. సిన్నెవ గిన్నెని రెండు చేతుల్తో పట్టుకుంది.

"పోసేటప్పుడు అరవాలి," అన్నాడు షుర్. "ఎంత గట్టిగా అరిస్తే బీరు అంత గట్టిగా వస్తుంది. బ్రీతా అరిస్తే అవతలి గట్టున కుక్కలు మొరిగేవి."

ఆమె గిన్నె వంచింది. నోరు తెరిచింది. ఏడుపు తప్ప ఏమీ రాలేదు. పక్కన ఐవిండ్ అరిచాడు, సగంలోనే ఆగిపోయాడు. ఆఖరున షుర్ అందుకున్నాడు, పగిలిన ముసలి గొంతుతో.

ముగ్గురూ చెవులు రిక్కించారు. బయట వాన తప్ప మరే చప్పుడూ లేదు.

"కుక్కలకి వినపడలేదు," అన్నాడు షుర్, ఆమె భుజం మీద చెయ్యి వేసి. "మళ్ళీ అరవాలి, తల్లీ."