పుర్రె నోట్లో సంతకం

మిట్టమధ్యాహ్నం... పదకొండు ముప్పావు! ఆ వేళకి కుమాసి నగరం మీద సూర్యుడు నిప్పులు చెరగాలి. కానీ... కారుమేఘాలు దిక్కులన్నిటినీ మింగేశాయి. ఫెళఫెళమంటూ పిడుగు పడింది! పోలీసు ప్రయోగశాల కిటికీ మీద పట్టపగలే ఒక గుడ్లగూబ వచ్చి వాలింది.

బల్ల మీద... ఒక కపాలం!

దానికెదురుగా కూర్చున్న అబ్రఫి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. సంతకాలు అసలివో దొంగవో తేల్చడం ఆమె ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళలో ఎందరు మోసగాళ్ళను పట్టిచ్చిందో లెక్కేలేదు. మూడు రోజులుగా మాత్రం అంతుపట్టని జ్వరమేదో ఆమె రక్తమాంసాలను పీల్చేస్తోంది. ఆ ఉదయమే పోలీసులు అసుబిరి ఏటి ఒడ్డున మాంత్రికుడు డొంకోర్ గుడిసె సోదా చేసి ఈ పుర్రెను పట్టుకొచ్చారు. దాని దవడల మధ్య నెత్తురు మరకల కాగితం... 'నా ఆయువు ధారపోస్తున్నాను' అన్న ఒక్క వాక్యం... కింద అబ్రఫి సంతకం!

సంకెళ్ళతో గోడకు జారబడ్డ డొంకోర్ వికటాట్టహాసం చేశాడు.

"భూతద్దంతో ఏం వెతుకుతావే పిచ్చిదానా! ఇష్టపడి సంతకం పెట్టినవాళ్ళ ప్రాణమే పుర్రె తీసుకుంటుంది. 'ఇది ఈమె చేవ్రాలే, అబద్ధమైతే నన్ను మింగు' అని గుడ్డు పగలగొట్టి ఏటి మీద ప్రమాణం చేశాను. పన్నెండు కొట్టగానే నీ పని సరి!"

"నేను పెట్టలేదు."

"నోటి మాట ఏటికి పనికిరాదు. రుజువు చూపించి ఎదురు ప్రమాణం చెయ్యి చూద్దాం. పదిహేను నిమిషాలుంది!"

"నోర్ముయ్ రా!" అని గద్దించాడు ఇన్‌స్పెక్టర్ సార్పోంగ్. "మేడమ్, ఆస్పత్రికి పోదాం పదండి. వీడి కూతలు పట్టించుకోకండి."

"ఆస్పత్రిలో తేలేది కాదిది. తేలితే ఈ బల్ల మీదే తేలాలి."

ఆమె భూతద్దం కాగితం మీదికి దించింది. అలవాటైన చేతిలో సంతకం ఏటి పాయలా జారిపోతుంది. ఇక్కడ గీత చీమలా ఆగి ఆగి నడిచింది! దొంగదే... సరే. కానీ దేన్ని చూసి దిద్దారు? మనిషన్నవాడు ఒకే సంతకం రెండుసార్లు అచ్చంగా పెట్టలేడు. రెండూ అచ్చుగుద్దినట్టు ఉన్నాయంటే ఒకటి రెండోదాని మీద పెట్టి దిద్దిందే.

సంచీలో ఉన్న కాగితాలన్నీ బల్ల మీద కుమ్మరించింది. బ్యాంకు చీటీ... కాదు. జీతం రసీదు... కాదు. అడుగునెక్కడో ఆస్పత్రి కాగితం నకలు దొరికింది. కడుపులో గడ్డకి మేనమామ న్యార్కోకి ఆపరేషన్ చేసినప్పుడు పూచీ పడుతూ ఆమె చేసిన సంతకం అది. వెలుగుతున్న గాజుపలక మీద ఒకదానిపై ఒకటి పెట్టింది. వెంట్రుకవాసి తేడా లేదు! అసలు కాగితం మామయ్య పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు.



సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని న్యార్కో వచ్చాడు, చేతిలో క్యారియర్‌తో.

"పల్లీల పులుసు తెచ్చాను తల్లీ. రెండు ముద్దలన్నా తిను, గాలికెగిరిపోయేలా ఉన్నావు!"

తండ్రి లేని పిల్లని పెంచి, వేలు పట్టి అక్షరాలు దిద్దించినవాడు. గడ్డ తిరగబెట్టి మొన్నటిదాకా మంచం దిగలేని ముసలాయన మూడు రోజులుగా నిగనిగలాడుతున్నాడు. వాళ్ళ తెగలో తల్లి రక్తమే మేనమామ రక్తం... ఆయువు చేతులు మారాలంటే ఆ రక్తంలోనే మారాలి!

గాజుపలక అతని వైపు తిప్పింది. క్యారియర్ కింద పడింది.

"ముసలి నక్కా!" డొంకోర్ గావుకేక పెట్టాడు. అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. "ఆమే పెట్టిందన్నావు కదరా! నీ మాట నమ్మి ఏటి మీద ఒట్టేశాను కదరా!"

గోడ గడియారం ఠంగుమంది... ఒకటి... రెండు...

సోదాలో దొరికిన సామానులోంచి ఏటి నీళ్ళ సొరబుర్రా, ఒక గుడ్డూ లాక్కుని, బుర్రలో ఆ గుడ్డు పగలగొట్టింది అబ్రఫి. "తల్లీ అసుబిరీ! ఇది నా చేవ్రాలు కాదు. రుజువు ఇదిగో!"

పన్నెండో గంట మోగింది.

డొంకోర్ నోరు తెరిచాడు. అరుపు రాలేదు... నల్లటి నీళ్ళు వచ్చాయి! ముక్కుల్లోంచి, చెవుల్లోంచి బురద, నాచు, బతికున్న చేపపిల్లలు! పొడి గచ్చు మీద మునిగిపోయేవాడిలా చేతులు కొట్టుకున్నాడు. ఏటికి ఆమడ దూరంలో, నాలుగు గోడల మధ్య మునిగి చచ్చాడు! పుర్రె పిండిపిండిగా రాలిపోయింది.

అబ్రఫి జ్వరం చెయ్యి పెట్టి తీసేసినట్టు దిగిపోయింది. ఒలికిన పులుసులో న్యార్కో కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. గడ్డ తిరిగొచ్చింది.

"నన్నడిగుంటే పోయేదేముంది మామయ్యా?"

"అడిగితే పెట్టేసేదానివే తల్లీ... అది నాకు తెలుసు. నీ చేతికి కలమిస్తూ నీ మొహం చూడలేక..."

అబ్రఫి సార్పోంగ్ వైపు తిరిగింది.

"ముందు అంబులెన్సు పిలవండి. తర్వాత రాసుకోండి ఇన్‌స్పెక్టర్‌గారూ. ఈ దొంగ సంతకం చేసింది న్యార్కో. నాకు మేనమామ."

అతను రాయడం పూర్తయ్యేదాకా ఓపిక పట్టి, అప్పుడు ఏడ్చింది.