మూడో హాల్లో మగ్గం చప్పుడు

మా జువాంగ్ తెగ వాళ్ల మ్యూజియంలో మూడో హాలు వైపు పొద్దుగూకాక ఎవరూ పోరు. కొండ ఊళ్లో విప్పి, ఇక్కడికి తెచ్చి, కర్రకి కర్ర చేర్చి మళ్లీ నిలబెట్టిన పాత కొయ్య ఇల్లు ఉందక్కడ. తలుపులు మూశాక అందులో మగ్గం దానంతటదే ఆడుతుందని చెప్పుకుంటారు. నాతో పనిచేసే మెంగ్ సుయిలియన్ ఆ మాట వింటే నవ్వేసేది. ఒకరోజు ఆమెకే ఎదురైంది. ఆమె చెప్పిందే చెబుతున్నాను.

ఆ సాయంత్రం ఒకటే వాన. పాత దుప్పట్లకి బూజు పట్టిందేమో చూద్దామని సుయిలియన్ ఆ ఇంటి అటకెక్కింది. ఫోను, బ్యాగు ఆఫీసులోనే ఉండిపోయాయి. మేం 'లు అన్న' అని పిలిచే కాపలాదారు, అందరూ వెళ్లిపోయారనుకున్నాడు...

ధడాల్న షట్టర్ పడింది. లైట్లు పోయాయి.

గబగబా దిగి షట్టర్ బాదింది. అరిచింది. వాన హోరులో ఎవరికి వినపడుతుంది? కిటికీ లేని హాలు. తన ఊపిరే తన మొహానికి కొడుతున్నట్టుంది.

అప్పుడు — టక్.

బిగుసుకుపోయింది.

టక్... టక్...

ఇంట్లోంచే. మగ్గం ముందు మైనపు బామ్మ బొమ్మ ఒకటి ఉంటుంది — నల్ల తలగుడ్డ, ఒళ్లో చేతులు. గోడ మీద రాత్రంతా వెలిగే చిన్న పచ్చ దీపం వెలుగులో చూస్తే... ఆ చేతులు కదులుతున్నాయి!

తల మెల్లగా ఇటు తిరిగింది.

"అరవకే పిల్లా," గుసగుసగా, మా జువాంగ్ మాటలోనే. "మీ బొమ్మని గాదె వెనక పడుకోబెట్టాన్లే. ఇన్నాళ్లూ కూర్చుని ఒక్క పోగైనా నేసిందా అది?"

"ఎ... ఎవరు నువ్వు?"

"బాన్ వాళ్ల కోడల్ని. ఈ ఇల్లు నాదే, మగ్గమూ నాదే. కొడుకు ఫ్లాట్లో మంచం వేస్తే కాలు పెట్టే చోటుండదు. మనవరాలు బిడ్డని వీపున దేంతో కట్టుకుంటుంది మరి? ఆ గుడ్డ నేనే నెయ్యాలి."

సుయిలియన్ ఆ చెయ్యి తాకి చూసింది. వెచ్చగా ఉంది. మగ్గం పక్కనే కూర్చుంది.

"బయటికెలా పోతాం బామ్మా?"

"పొద్దున చూడ్డానికొచ్చే జనంలో కలిసి పోతాను. ఒక్క పూటకే ఇలా అల్లాడిపోతున్నావే..."

షట్టర్ గరగరమంటూ లేచింది. బల్ల మీద బ్యాగు చూసి లు అన్న పరిగెత్తుకొచ్చాడు, టార్చి తిప్పుతూ.

"అయ్యో, లోపలే ఉండిపోయావా! ఇంకెవరైనా ఉన్నారా?"

వెలుగు మగ్గం మీద పడింది. బామ్మ చేతులు ఒళ్లో ఉన్నాయి. రెప్ప కదల్లేదు. లు అన్న బామ్మ మొహంలోకి తేరిపార చూసి, టార్చి పక్కకి తిప్పేశాడు.

"ఎవరూ లేరన్నా," అంది సుయిలియన్. "నువ్వు పద. తాళం నేనేస్తాలే."

వెయ్యలేదు.